‘అన్యజనులు’ వెనక ఉన్న హీబ్రూ మాట: ‘గోయ్’ను తెలుగు బైబిల్లో వెతికి అర్థం చేసుకోవడం ఎలా

కడపలోనో జమ్మలమడుగులోనో గుత్తిలోనో నంద్యాల వైపునో ఆదివారం బైబిలు తెరిచే ఇంట్లో ‘అన్యజనులు’ అన్న మాట కొత్తది కాదు. ఆ మాట చెవిన పడగానే ‘మనవాళ్లు కానివాళ్లు, దేవుణ్ణి ఎరగనివాళ్లు’ అన్న అర్థం మనసులో కూర్చుంటుంది. పాత నిబంధనలో ఆ మాట కనిపించిన చోట హీబ్రూ మూలంలో ఎక్కువగా ఉండేది ‘గోయ్’, దాని బహువచనం ‘గోయీమ్’. ఆ మాటకు మొదటి అర్థం ‘జనం’. ఇశ్రాయేలు కూడా ఒక గోయే. ‘యూదుడు కాని మనిషి’ అన్న అర్థం శతాబ్దాల తర్వాత దానికి అతుక్కుంది. ఏ వచనంలో ఏ అర్థం ఉందో మీరే చూసి తేల్చుకునే పద్ధతి ఇది. హీబ్రూ రాకపోయినా చేయవచ్చు.

కావలసినవి కొన్నే. బైబిల్ సొసైటీ వారి పాత తెలుగు అనువాదం, ఇంటర్నెట్ ఉన్న ఫోను, ఒక నోటుపుస్తకం, రెండు రంగుల పెన్నులు. కింద చెప్పిన పన్నెండు వచనాలకు రెండు సాయంత్రాలు చాలు. తొందరపడి ఒకే బిగిన చేస్తే చివరి నాలుగు వచనాలకు వచ్చేసరికి కళ్లు మూతపడి, అన్నీ ఒకేలా కనిపిస్తాయి.

ముందు మాటను నోటికి, కంటికి అలవాటు చేసుకోండి

హీబ్రూ కుడి నుంచి ఎడమకు రాస్తారు. గోయ్‌లో మూడు అక్షరాలు: గీమెల్, వావ్, యోద్. గీమెల్ ‘గ’, వావ్ ఇక్కడ ‘ఓ’ దీర్ఘం, యోద్ ‘య్’. పలికేటప్పుడు మనవాళ్లు చేసే తప్పు ఒకటుంది. హల్లుతో ముగిసే మాట తెలుగు నోటికి ఇబ్బంది కాబట్టి చివర ఒక ‘ఇ’ చేర్చి, ముందున్న దీర్ఘాన్ని కుదించి ‘గొయ్యి’ దాకా తీసుకుపోతారు. వినేవాళ్లకు తవ్విన గొయ్యి గుర్తొస్తుంది, పాఠం అక్కడే చెడుతుంది. ‘గో’ను సాగదీసి ‘య్’ దగ్గర ఆపండి. బహువచనంలో ఒత్తు చివరి భాగం మీద పడాలి: గో-యీమ్. ‘గోయీములు’ అనకండి, ‘ఈమ్’ అన్నదే హీబ్రూలో బహువచనపు తోక.

కంటికి గీమెల్, నూన్ ఒకేలా కనిపిస్తాయి. గీమెల్‌కు అడుగున పాదం చీలినట్టుంటుంది, నూన్‌కు అడుగు గీత నిండుగా ఉంటుంది. వావ్ నిలువు కర్ర. యోద్ పైన వేలాడే చిన్న ముక్క, వావ్‌లో సగం కూడా ఉండదు. బహువచనం చివర వచ్చే మేమ్ మూసేసిన చదరంలా ఉంటుంది. మాటకు ముందు ‘హ’ (ఆ), ‘బ’ (లో), ‘ల’ (కు) అతుక్కుని రావచ్చు. ‘బగోయీమ్’ అంటే జనాలలో, ‘లగోయీమ్’ అంటే జనాలకు. మన విభక్తులు మాట చివర చేరితే వాళ్లవి మొదట్లో చేరతాయని గుర్తుంచుకుంటే చాలు.

ఫోన్‌లో వెతికేటప్పుడు ఇంకో చిక్కు. బైబిల్లో బహువచనాన్ని సాధారణంగా ఒకే యోద్‌తో రాశారు, ఈనాటి హీబ్రూలో రెండు యోద్‌లతో రాస్తారు. వార్తల్లో చూసిన స్పెల్లింగ్‌ను తెచ్చి బైబిలు మూలంలో వెతికితే ఏమీ దొరకదు.

వచనం నుంచి మూలపదానికి దారి

తెలుగు బైబిలు యాప్‌లలో చాలావాటికి మూలపదాల నంబర్లు ఉండవు. అందుకని ఇంగ్లీషు కింగ్ జేమ్స్ వెర్షన్ మీదుగా వెళ్లాలి. బ్లూ లెటర్ బైబిల్ అనే ఉచిత సైటులో వచనం తెరిచి, దాని పక్కన ఉన్న ఇంటర్‌లీనియర్‌ను నొక్కితే ఒక్కో మాట కింద హీబ్రూ రూపం, స్ట్రాంగ్ నంబరు (ప్రతి మూలపదానికి ఇచ్చిన వరుస సంఖ్య) వస్తాయి. గోయ్‌కు హీబ్రూ వరుసలో 1471. దీనితో పాటు ఇంకో నాలుగు నంబర్లు నోటుపుస్తకం అట్ట లోపల రాసుకోండి: ‘అమ్’ 5971, ‘లెఓమ్’ 3816, ‘గేర్’ 1616, ‘నొఖ్రీ’ 5237. ఇవన్నీ జనం, పరాయివాడు అన్న అర్థాల చుట్టూ తిరిగే మాటలు. తెలుగులోకి వచ్చేసరికి ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి.

నంబరు నొక్కితే ఆ మాటకు అర్థాల పట్టీ వస్తుంది. చాలామంది తప్పు చేసేది అక్కడే. పట్టీలోంచి నచ్చిన అర్థాన్ని ఏరుకుని వచనానికి అతికిస్తారు. పట్టీ చెప్పేది ఇంగ్లీషు అనువాదకులు ఏయే మాటలు వాడారన్నదే. కింగ్ జేమ్స్‌లో గోయ్‌కు ‘నేషన్’ 374 సార్లు, ‘హీదెన్’ 143 సార్లు, ‘జెంటైల్స్’ 30 సార్లు, ‘పీపుల్’ 11 సార్లు వాడారు. మూలంలో ఉన్నది ఒక్కటే మాట, 1611 నాటి ఇంగ్లీషు పండితులు దాన్ని నాలుగుగా విడగొట్టారు. మెచ్చుకోదగిన సందర్భంలో ‘నేషన్’ అనీ, విగ్రహాల ఊసు వచ్చిన చోట తరచుగా ‘హీదెన్’ అనీ అన్నారు. తెలుగులోనూ అంతే. మంచి సందర్భమైతే ‘జనము’, బయటివాళ్లయితే చాలాచోట్ల ‘అన్యజనులు’. ‘అన్య’ అన్న ముక్క హీబ్రూ మాటలో లేదు. సందర్భం నుంచి తీసి అనువాదకులు చేర్చినది. అలా చేర్చడం తప్పని అనలేం, చాలాచోట్ల చదివేవారికి అదే సాయం. చేర్చారని తెలియకుండా చదివితే మాత్రం మోసపోతాం.

వచనం నంబర్ల తేడాకు కూడా సిద్ధంగా ఉండండి. యెషయా 9:1లోని ‘అన్యజనుల గలిలయ’ హీబ్రూ బైబిల్లో 8:23. మన యోవేలు మూడో అధ్యాయం వాళ్లకు నాలుగోది. కీర్తనల్లో శీర్షికను హీబ్రూలో చాలాచోట్ల ఒకటో వచనంగా లెక్కిస్తారు కాబట్టి మన 9:5 అక్కడ 9:6. సెఫారియా లాంటి యూదుల సైటులో చూసేటప్పుడు మాట దొరకలేదని వదిలేయకుండా ముందు వెనక ఒక్కో వచనం చదవండి.

పన్నెండు వచనాల పని

నోటుపుస్తకంలో నాలుగు గళ్లు గీయండి: వచనం, తెలుగులో ఉన్న మాట, మాట్లాడుతున్నది ఎవరు, ఎవరిని గురించి. నాలుగో గడిలో ఇశ్రాయేలు గురించైతే ఒక రంగు, బయటి జనాల గురించైతే ఇంకో రంగు, అందరినీ కలిపి అయితే రెండూ. వచనాలు ఇవి: ఆదికాండము 10:5, 12:2, 14:1, 17:4, 25:23, నిర్గమకాండము 19:6, 33:13, ద్వితీయోపదేశకాండము 4:6, కీర్తన 2:1, యెషయా 1:4, 49:6, యిర్మీయా 10:2.

10:5తోనే మొదలుపెట్టాలి, ఎందుకంటే గోయ్ మొదటిసారి కనిపించేది అక్కడే. నోవహు సంతానం దేశాలుగా, భాషలుగా, వంశాలుగా విడిపోయిన సందర్భం. గోయ్ అంటే ఏమిటో ఆ వాక్యమే చెబుతోంది: ఒక నేల, ఒక భాష, ఒక వంశం ఉన్న మానవ సమూహం. తిట్టు లేదు, పొగడ్త లేదు. ఆ అధ్యాయంలోని పేర్లను లెక్కగట్టి లోకంలో 70 జనాలు ఉన్నాయని రబ్బీలు, అంటే యూదుల ధర్మబోధకులు, చెప్పుకున్నారు. సంఖ్యాకాండము 29లో పర్ణశాలల పండుగకు మొదటిరోజు 13 కోడెలు, రోజుకొకటి తగ్గిస్తూ ఏడోరోజు 7 కోడెలు బలి ఇవ్వమని ఉంది. కూడి చూడండి, సరిగ్గా 70. ఆ బలులు 70 జనాల కోసమేనని రబ్బీల బోధల పెద్ద సంకలనమైన తల్మూదులో సుక్కా 55బి చెబుతుంది. గోయీమ్ అంటే శత్రువులన్న భావం తప్ప ఇంకేమీ ఎరగనివారికి ముందు ఈ లెక్క చేసి చూపించండి.

12:2లో దేవుడు అబ్రాముతో ‘నిన్ను గొప్ప జనముగా చేసి’ అంటాడు. హీబ్రూలో అది ‘గోయ్ గాదోల్’. నిర్గమకాండము 19:6లో ‘పరిశుద్ధమైన జనము’ అంటే ‘గోయ్ కాదోష్’. అక్కడ ‘అన్యజనము’ అని పెట్టి చదివి చూడండి, వాక్యం కూలిపోతుంది. మాటకు ‘పరాయి’ అన్న అర్థం పుట్టుకతో లేదనడానికి ఇంతకంటే సులువైన పరీక్ష లేదు. 25:23లో రిబ్కా గర్భంలో ఉన్న ఇద్దరు పిల్లలూ ‘రెండు జనములు’. యాకోబూ గోయే, ఏశావూ గోయే, తల్లి ఒక్కతే.

14:1 దగ్గర కాసేపు ఆగండి. తెలుగులో ‘గోయీయుల రాజైన తిదాలు’ అని ఉంటుంది. పాత అనువాదకులు ఇక్కడ మాటను అనువదించకుండా ఒక జాతి పేరుగా అలాగే ఉంచారు. కాబట్టి గోయ్ అన్న శబ్దం మన తెలుగు బైబిల్లోనే ఉంది, చాలామంది దాని మీదుగా చదువుకుపోతారంతే. తరగతిలో పిల్లలను ఈ మాట వెతకమంటే ఉత్సాహంగా వెతుకుతారు.

యెషయా 1:4 ఈ పట్టికలో అన్నిటికంటే పదునైన వచనం. ‘పాపిష్ఠి జనమా, దోషభరితమైన ప్రజలారా’ అని ప్రవక్త గద్దించేది సొంతవాళ్లనే. హీబ్రూలో ‘హోయ్ గోయ్ హోతే’. ‘అయ్యో’ అనే హోయ్‌కు గోయ్ ప్రాసగా పడింది. చదివినప్పుడు ఆ దెబ్బ చెవికి తెలియాలి, అందుకని హీబ్రూ మాటలను మూడుసార్లు బయటికి పలికించండి.

కీర్తన 2:1లో ‘అన్యజనులు ఏల అల్లరి రేపుచున్నారు? జనములు ఏల వ్యర్థమైనదానిని తలంచుచున్నవి?’ అని ఉంది. ముందున్నది గోయీమ్, వెనకున్నది ‘లెఉమ్మీమ్’. హీబ్రూ కవిత్వం ఒకే భావాన్ని రెండు మాటల్లో తిప్పి చెబుతుంది. రెండు సగాల్లో ఉన్నదీ ఒకే గుంపు. తెలుగు చదివితే అన్యజనులు వేరు, జనములు వేరు అనిపిస్తుంది. ఆ పొరపాటు మీద ప్రసంగం కట్టినవారూ ఉంటారు.

మిగిలిన వాటిలో యెషయా 49:6 ‘అన్యజనులకు వెలుగై’, యిర్మీయా 10:2 బయటి జనాల ఆచారాలు నేర్చుకోవద్దనేది. రెండింటిలోనూ గోయీమ్ అంటే చుట్టూ ఉన్న రాజ్యాలే. ఒకచోట వాళ్లకు వెలుగు కావాలి, ఇంకోచోట వాళ్ల దారి పట్టకూడదు. అన్నీ రాశాక రంగులు లెక్కపెడితే ఇశ్రాయేలుకు ఐదు, బయటివారికి నాలుగు, అందరికీ రెండు, 25:23లో చెరి సగం రావాలి. వేరే లెక్క వస్తే ఎక్కువగా తప్పేది ద్వితీయోపదేశకాండము 4:6 దగ్గర. అక్కడ మాట్లాడేది బయటి జనాలు, మాట్లాడేది ఇశ్రాయేలు గురించి. మూడో గడినీ నాలుగో గడినీ తారుమారు చేస్తారు. ఒక్క జాగ్రత్త: ఈ వచనాలు తేడా కనబడాలని ఏరినవి. బైబిలు మొత్తంలో గోయ్ 550 సార్లకు పైగా వస్తుంది, బహువచనంలో వచ్చినప్పుడు ఎక్కువసార్లు ఇశ్రాయేలు చుట్టూ ఉన్న ఇతర జనాలనే సూచిస్తుంది.

‘గోయ్’కూ ‘అమ్’కూ తేడా

నిర్గమకాండము 33:13లో మోషే దేవుడితో ‘ఈ జనము నీ ప్రజలేగదా’ అంటాడు. జనము గోయ్, ప్రజలు అమ్. తెలుగు అనువాదకులు ఇక్కడ రెండు మాటలను చక్కగా వేరు చేశారు, మెచ్చుకోవాలి. గోయ్ అనేది బయటినుంచి చూస్తే కనిపించే గుంపు: నేల, రాజు, సైన్యం. అమ్‌లో రక్తసంబంధం ఉంది, మనవాళ్లన్న దగ్గరితనం ఉంది. అందుకే ‘నా ప్రజలు’ అనాల్సి వస్తే హీబ్రూలో ‘అమ్మీ’ అంటారు. గోయ్‌కు ‘నా’, ‘నీ’ చేర్చడం అరుదు. కీర్తన 106:5లో మాత్రం దేవుడి సొంత జనాన్ని ‘నీ గోయ్’ అన్నారు.

కడప, కర్నూలు ఊళ్లలో ఉర్దూ తెలిసినవారికి ఇది ఇంకా తేలిక. ‘ఖౌమ్’ అన్న మాట ఉంది కదా, ఏ జనానికైనా చెల్లుతుంది, మంచి చెడూ దానికదిగా చెప్పదు. బైబిలు నాటి గోయ్‌ను అలా ఊహించుకోండి. హీబ్రూలో జనానికి ‘ఉమ్మా’ అన్న మాట కూడా ఉంది, అరబ్బీ ‘ఉమ్మా’కు అది సోదర పదం. అనంతపురం జిల్లాలో కన్నడం చదివేవారు ఆదికాండము 12:2ను కన్నడ బైబిల్లో చూస్తే ‘జనాంగ’ అని కనిపిస్తుంది. ఆ మాట తెలుగులోనూ ఉంది కాబట్టి పోల్చి చెప్పడానికి బాగుంటుంది.

మాట ఎంత పాతదంటే, సిరియాలో యూఫ్రటీసు ఒడ్డున ఉన్న మారి నగరపు మట్టి పలకల్లో, క్రీస్తుపూర్వం 18వ శతాబ్దంలోనే ‘గాయుమ్’ అన్న రూపం తెగ, వంశం అనే అర్థంలో కనిపిస్తుంది. మనుషులకే పరిమితం కాలేదు కూడా. యోవేలు 1:6లో పొలాల మీద పడిన మిడతల దండును ప్రవక్త గోయ్ అన్నాడు. సీమలో పైరు మీద మిడతలు వాలడం చూసిన రైతుకు ఆ పోలిక వివరించాల్సిన పని లేదు.

గేర్, నొఖ్రీల సంగతి త్వరగా చెప్పుకోవచ్చు. గేర్ అంటే మన మధ్య వచ్చి స్థిరపడిన పరాయివాడు, నొఖ్రీ అంటే విదేశీయుడు. లేవీయకాండము 19:34లోని ‘పరదేశి’ గేర్. రూతు 2:10లో రూతు తనను ‘పరదేశినైన నాయందు’ అని చెప్పుకున్నది నొఖ్రియా. తెలుగులో రెండూ పరదేశి అయ్యాయి. తెలుగు మాటను బట్టి మూలపదాన్ని ఊహించకండి, ప్రతిసారీ నంబరు చూడండి.

గ్రీకు మీదుగా కొత్త నిబంధనకు

క్రీస్తుపూర్వం మూడో శతాబ్దంలో ఈజిప్టులోని అలెగ్జాండ్రియాలో యూదులు ధర్మశాస్త్రాన్ని గ్రీకులోకి మార్చడం మొదలుపెట్టారు. గోయ్‌కు ఎక్కువగా ‘ఎత్నోస్’, అమ్‌కు ‘లావోస్’ పెట్టారు. కొత్త నిబంధన రాసినవారు ఆ అలవాటే కొనసాగించారు. గ్రీకు వరుసలో ఎత్నోస్ 1484, లావోస్ 2992. రోమా 11:13లో పౌలు ‘అన్యజనుల’ అపొస్తలుణ్ణని చెప్పిన చోట ఉన్నదీ, మత్తయి 28:19లో ‘సమస్త జనులను శిష్యులనుగా చేయుడి’ అన్న చోట ఉన్నదీ ఈ ఎత్నోస్ బహువచనమే. లూకా 7:5లో యూదుల పెద్దలు శతాధిపతి గురించి ‘మన జనులను ప్రేమించి’ అన్నచోట అదే మాట యూదులను సూచిస్తుంది. యోహాను 11:50లో ప్రధానయాజకుడు ఒకే వాక్యంలో ‘జనము’, ‘ప్రజలు’ రెండూ అంటాడు, అవి ఎత్నోస్, లావోస్. లాటిన్‌లో ‘గెన్స్’ అయింది, దాని నుంచే ఇంగ్లీషు ‘జెంటైల్’ వచ్చింది.

జనం అన్న మాట ఒక్క మనిషికి ఎలా వచ్చింది

బైబిల్లో గోయ్ అంటే గుంపు. ఒక మనిషిని పట్టుకుని ‘వీడు గోయ్’ అనడం అక్కడ కనబడదు. క్రీస్తుపూర్వం 586లో యెరూషలేము కూలి, జనం బబులోనుకు చెరపోయి, తిరిగి వచ్చాక లోకం మారిపోయింది. సొంత రాజు లేడు, నలుదిక్కులా ఇతర జనాలే. తామూ ఒక గోయ్ అని చెప్పుకునే సందర్భాలు తగ్గి, గోయీమ్ అంటే చుట్టూ ఉన్నవాళ్లన్న వాడుక గట్టిపడింది. నెహెమ్యా 5:8లో యూదులు అమ్ముడుపోయింది గోయీమ్‌కు అని ఉంది, అప్పటికే మాట వాలు మారింది. క్రీ.శ. 200 ప్రాంతంలో రబ్బీల ధర్మసంకలనమైన మిష్నా కూర్చేనాటికి గోయ్ ఒక్క మనిషికి కూడా పేరైంది. యూదుడు కాని ఎవడైనా, గ్రీకువాడైనా రోమన్ అయినా అరబ్బు అయినా, గోయ్. దేశం, భాష అన్న తేడాలు ఆ మాటలోంచి రాలిపోయి ఒకే ఒక్క గీత మిగిలింది.

తర్వాత ఐరోపాలో క్రైస్తవ అధికారుల సెన్సార్ మొదలైంది. 1553లో రోములో తల్మూదును తగలబెట్టారు. 1578-81 మధ్య బాసెల్‌లో అచ్చయిన తల్మూదులో గోయ్ అన్నచోట చాలాసార్లు వేరే మాటలు పెట్టారు. అలా వచ్చిందే ‘అకూమ్’, నక్షత్రాలనూ రాశులనూ కొలిచేవారు అనే హీబ్రూ మాటల పొట్టి రూపం. పాత అచ్చు ప్రతిలో అకూమ్ కనిపిస్తే అది మూలంలోని మాట కాకపోవచ్చు. సెన్సార్‌కు ముందరి చేతిరాత ప్రతులతో పోల్చకుండా దాని మీద వాదం కట్టకూడదు.

తూర్పు ఐరోపా యూదుల యిడ్డిష్‌లో గోయ్ రోజువారీ మాట. మన పక్కన ‘అరవోళ్లు’ అన్న మాట చూడండి. తమిళులను చెప్పడానికి ఊళ్లో మామూలుగా వాడతారు, అదే మాటను గొంతు మార్చి అంటే ఎదుటివారికి గుచ్చుకుంటుంది. గోయ్‌దీ అదే స్థితి. వివరంగా చెప్పే చోట తిట్టు కాదు, విసురుగా అన్నచోట తిట్టే. మతాచారం పాటించని సాటి యూదుణ్ణి కూడా సరదాగానో కోపంగానో గోయ్ అంటారు. ఉదయ ప్రార్థనలో ‘నన్ను గోయ్‌గా చేయనందుకు’ దేవునికి స్తుతి అనే వాక్యం ఉంది, దాని మూలం తల్మూదులో మెనాహోత్ 43బి. ఆర్థొడాక్స్ యూదులు అది అలాగే చెబుతారు. కన్సర్వేటివ్ శాఖవారు ‘నన్ను ఇశ్రాయేలుగా చేసినందుకు’ అని మార్చుకున్నారు.

మీరు రాసేటప్పుడు, మాట్లాడేటప్పుడు ‘యూదేతరులు’ అనండి. ఈనాటి హీబ్రూలో మర్యాదైన మాట ‘లో-యెహూదీ’, అంటే యూదుడు కానివాడు. హిట్లర్ కాలంలో ప్రాణాలకు తెగించి యూదులను కాపాడిన యూదేతరులకు యెరూషలేములోని యాద్ వషేమ్ సంస్థ 1963 నుంచి ఇస్తున్న బిరుదు ‘హసీదే ఉమ్మోత్ హా-ఓలామ్’, లోక జనాలలోని పుణ్యాత్ములు.

వాట్సాప్‌లో వచ్చే ‘తల్మూదు వాక్యాలు’

గోయీమ్ పశువులతో సమానమని తల్మూదులో రాసి ఉందంటూ చిత్రాలు తిరుగుతుంటాయి. పరీక్షించడం కష్టం కాదు. నిజమైన ఉల్లేఖనకు మూడు భాగాలుంటాయి: గ్రంథం పేరు, ఆకు నంబరు, ఆకుకు ఏ పక్కో చెప్పే ఎ లేక బి. ఉదాహరణకు సన్హెద్రిన్ 59ఎ. ఈ మూడూ లేకపోతే నమ్మకండి. ఉంటే సెఫారియాలో ఆ ఆకు తెరిచి, ముందు వెనక పది వాక్యాలు చదవండి. ‘లిబ్రే దావీద్ 37’ అని చూపిస్తే అక్కడే ఆపేయండి, ఆ పేరుతో యూదుల గ్రంథమే లేదు. 1903లో రష్యాలో అచ్చయి, యూదులు గోయీమ్‌ను లోబరచుకునే కుట్ర చేస్తున్నారంటూ లోకమంతా తిరిగిన పత్రం నకిలీదని, వేరే రాతల నుంచి కాపీ కొట్టినదని 1921లో లండను టైమ్స్ పత్రిక ఆధారాలతో చూపించింది. ఇప్పటికీ తిరిగే చాలా వాక్యాలు అలాంటి ఊటల్లోంచి వచ్చేవే.

తల్మూదులో కఠినమైన మాటలు లేవని చెప్పడమూ నిజం కాదు. క్రీ.శ. 70లో రోమన్లు దేవాలయం కూల్చి, 135లో తిరుగుబాటును రక్తంలో ముంచిన తర్వాతి కాలపు మనుషుల నోట వచ్చిన కోపం కొన్నిచోట్ల ఉంది. అదే సన్హెద్రిన్ 59ఎలో రబ్బీ మెయిర్ మాటా ఉంది: తోరా (ధర్మశాస్త్రం) చదువుకునే గోయ్ ప్రధానయాజకుడితో సమానం. రెండూ చూపించండి, ఒకటి దాచకండి.

తరగతిలో చెప్పేటప్పుడు, కరపత్రం వేసేటప్పుడు

నలభై నిమిషాల తరగతికి పన్నెండు వచనాలు ఎక్కువ. ఆదికాండము 12:2, నిర్గమకాండము 19:6, యెషయా 1:4, కీర్తన 2:1, ఈ నాలుగే తీసుకోండి. ముందు ‘అన్యజనులు అంటే ఎవరు?’ అని అడిగి జవాబులు బోర్డు మీద రాయించి, చివరిదాకా చెరపకుండా ఉంచండి. తెలుగు మాటల వైపు నుంచి లోతుగా వెళ్లాలనుకునేవారు జనము, జాతి, అన్యుడు అన్న మాటలను బ్రౌన్ నిఘంటువులో చూడాలి. 1820లో కడపకు వచ్చిన బ్రౌన్ దొర ఇక్కడే బంగళా కొని, పండితులను పెట్టుకుని పనిచేశాడు. ఆ స్థలంలోనే ఇప్పుడు సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం ఉంది, నిఘంటువు ఇంటర్నెట్‌లో కూడా ఉచితంగా దొరుకుతుంది.

కరపత్రంలో హీబ్రూ అక్షరాలు పెట్టించాలనుకుంటే డీటీపీ సెంటర్‌లో జాగ్రత్త అవసరం. తెలుగు కోసం వాడే పాత సాఫ్ట్‌వేర్‌కు కుడి నుంచి ఎడమకు రాసే పద్ధతి తెలియదు. హీబ్రూ మాటను అతికించగానే అక్షరాలు తిరగబడి యోద్ కుడి చివరకు, గీమెల్ ఎడమ చివరకు పోతాయి. చూసేవారికి తేడా తెలియదు, హీబ్రూ వచ్చినవారికి అది మాటే కాదు. పైన చుక్కలు, గీతలు ఉన్న రూపం అయితే అవి అక్షరాల మీద నుంచి జారిపోతాయి కూడా. మాటను ఫోన్‌లో పెద్దగా చేసి స్క్రీన్‌షాట్ తీసి బొమ్మగా ఇవ్వండి. ప్రూఫ్ వచ్చాక ఒక్కటే చూడండి: పాదం చీలిన గీమెల్ కుడి చివర ఉండాలి, వేలాడే చిన్న యోద్ ఎడమ చివర ఉండాలి. అలా ఉంటేనే ప్రెస్సుకు పంపండి.